రెండు పికప్పుల తగువు

గిటార్‌కి పికప్ మార్చడం పూర్తిగా నా సొంత తెలివి. పికప్పులంటే తీగల మోతను పట్టి యాంప్లిఫయర్‌కి పంపే రాగితీగ చుట్టలు. నా పాత గిటార్‌లో రెండున్నాయి. ఒకటి చచ్చిపోతే కొత్తది తెప్పించి, ఫోన్‌లో వీడియో చూసి, వైర్లను రంగుకి రంగు కలిపి నేనే అతికించేశాను. పెద్ద ఇంజనీరునైపోయాననుకున్నాను.

విడివిడిగా రెండూ బ్రహ్మాండంగా పలికాయి. కలిపి పెడితే మాత్రం జలుబు చేసిన మేకలా మూలిగాయి. నాకిష్టమైన నిండు మోత రెండూ కలిస్తేనే వస్తుంది. మొండిదాన్ని, ఒక్కదానితో సరిపెట్టుకోను. నేను గిటార్ వాయించే చర్చిలో రెండు ఆదివారాలు ఓపిక పట్టాక సంఘపెద్ద తేల్చేశారు. "ఈ వారం కూడా ఇలాగే ఉంటే కీబోర్డు పెట్టేద్దారమ్మా." పన్నెండో ఏట నుంచీ నేను కూర్చుంటున్న చోటు అది. ఇంటికెళ్ళేదాకా ఏడుపు ఆపుకున్నాను.

శనివారం పొద్దున్నే అరకులో కాలిన మోటార్లకి కొత్త తీగ చుట్టి రివైండింగ్ చేసే మా చిన్నాన్న షాపుకి పరిగెత్తాను. కాఫీ పళ్ళ తొక్క తీసే మిషన్ల మోటార్ల మధ్య కూర్చుని ఉన్నాడు. నా గోడంతా విన్నాడు.

"మోటారు ఎనక్కి తిరిగితే ఏటి సేత్తామే గుంటా? రెండు వైర్లూ అటుదిటు మార్సెయ్యమా?"

నాకు ఒళ్ళు మండింది. "ఇది సంగీతం చిన్నాన్నా. తొక్కలు తీసే మిషన్ కాదు."

"సంగీతమైతే కరెంటుకి తెలుత్తాదేటి? కొత్తదాని సుట్టు తిరగబడుంటాది. ఒకటి తోత్తంటే ఇంకోటి లాగుతంది. ఇలాగియ్యి."

కొత్త పికప్ వైర్లు రెండూ ఊడదీసి, దీని చోట అది, దాని చోట ఇది అతికించాడు. ఐదు నిమిషాలు పట్టలేదు. వెంట తెచ్చుకున్న చిన్న యాంప్లిఫయర్‌కి తగిలించి, రెండూ కలిపి ఒక్కసారి మీటాను. షాపులో రేకులు కూడా మోగాయి. గిటార్ అక్కడే పెట్టి బయటికి ఉరికి, పక్కింటివాళ్ళు టార్పాలిన్ మీద ఆరబోసిన కాఫీ గింజల్లో గెంతులేశాను. తిట్లు తిన్నాను. తింటూ కూడా నవ్వాను.

ఆదివారం మొదటి పాటకే జనం తలలు తిప్పి చూశారు. నా కాళ్ళు నేల మీద లేవు. ఆరాధన అయ్యాక సంఘపెద్ద నా దగ్గరికొచ్చారు.

"గిటారు బాగా ఇనబడతందమ్మా. రెండో సరణంలో నీ తప్పు కూడా బాగా ఇనబడింది. వచ్చే వారం బేగి రా, కూకుని సూద్దారి."

వచ్చే వారం అన్నారు. తప్పు సంగతి ఇంటికెళ్ళేదాకా నా బుర్రకెక్కనే లేదు.