ముఖం వద్దన్న పీఆర్ ఆవిడ

నా పోస్టును మీరంతా షేర్ చేశారు. అందులోని ఫోటోలో కూలీ మనిషి ముఖం కనిపిస్తోందని మీలో ఒక్కరూ అనలేదు.

ఓ కంపెనీ మామిడికాయల షెడ్డులో గ్లౌజులివ్వక, సొన తగిలి కూలీల చేతులు కాలుతున్నాయని మొన్న ఫోటోతో సహా రాశాను. ఆ కంపెనీ పీఆర్ ఆవిడ వెంటనే మెసేజ్ పెట్టారు: "చేతులు చూపించండి సార్, ముఖం తీసేయండి. ఆమె పని పోతుంది." జీతానికి మాట్లాడే గొంతని తిట్టి బ్లాక్ చేశాను. పీఆర్ వాళ్లలో ఫాలో అవ్వదగ్గవాళ్లెవరని ఓ మిత్రుడు అడిగితే, ఒక్కరూ లేరని తీర్పు కూడా ఇచ్చాను.

ఈ రోజు నూజివీడు బస్టాండులో ఆ కూలీ మనిషే ఎదురుపడ్డారు.

"బాగా రాశారంటండి. మేస్త్రి నన్ను పనికి రావద్దన్నాడు."

"ఎందుకమ్మా?"

"ఫోటోలో నేనున్నాగా! మీరు చేతులకే ఫోటో తీస్తున్నారనుకున్నానండి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతమంది అభ్యుదయవాదులుండగా ఆమె గురించి ఆలోచించింది కంపెనీ జీతం తీసుకునే మనిషి ఒక్కరే! కాదంటారా? చెప్పండి.

పోస్టు తీసేశాను. పీఆర్ ఆవిడను అన్‌బ్లాక్ చేసి, క్షమాపణ చెప్పి, ఫాలో అవుతున్నాను. ఇక నా డిమాండ్లు:

మీరు షేర్ చేసిన ఫోటో ఇప్పుడే తీసేయండి.

కంపెనీ ఆమెను రేపే పనిలోకి తీసుకోవాలి.

షెడ్డులో అందరికీ గ్లౌజులివ్వాలి.

ఆమెకు పని దొరికేదాకా నన్ను మెచ్చుకుంటూ ఒక్క కామెంటూ పెట్టొద్దు.