తడి గడ్డి మీద గీత

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొత్తలో, ఆ దగ్గర్లో మేం ఆడే గోల్ఫ్ క్లబ్బుకు ఒక కార్యదర్శి ఉండేవాడు. ఎదుటివాడి తప్పు దొరికితే చాలు, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవాడు. ఆ తుడుపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఒకసారి పోటీ రోజు పొద్దున్నే మామిడిపల్లి నుంచి వచ్చిన మా బావ, గుంట చుట్టూ ఉన్న నున్నటి గడ్డి మీద ఒక బంతి దొర్లించి వాలు చూశాడు. మంచు తడిలో సన్నటి గీత పడింది. కార్యదర్శి అద్దాలు తుడుచుకున్నాడు.

"పోటీకి ముందు ఇక్కడ సాధన చేయకూడదండీ. ఇవాళ మీరు ఆడటానికి వీల్లేదు."

"ఎరుక లేక చేసిన సార్, జర మాఫ్ చేయుండ్రి," అన్నాడు బావ.

"నిబంధన నిబంధనేనండీ."

బావ మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మరుసటి ఏడు పోటీకి నేను అందరికన్నా ముందే వెళ్లాను. అదే గడ్డి మీద, కార్యదర్శి బూట్ల ముందు, అలాంటి గీతలే బోలెడు.

"గిదేంది సార్? మీరు గూడ ఆడుతున్నరు గదా," అన్నాను.

"ఇది కమిటీ తనిఖీ అండీ," అన్నాడు. అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

ఆ సాయంత్రం కప్పు గెలిచినవాడి పేరు మైకులో చదివిందీ ఆయనే. తన పేరు చివర తానే 'గారు' తగిలించుకున్నాడు.