అవ్వ సీతాఫలం చెట్టుకు నేను కట్టిన నీళ్లు

మా చిన్నప్పుడు... సీతాఫలం మొక్కకు చెంబుతో నీళ్లు పోస్తున్న మా అవ్వను చూసి ఎడపల్లి దారిన పోయేవాళ్లంతా నవ్వేవాళ్లు. "ఏం వదినె, గుట్టల పొంటి దానంతటదే మొలిసే చెట్టును గూడ సాదుతరా?" అని. అవ్వ అంటే మా అమ్మే, బాపు అంటే నాన్న. మా వైపు అట్లాగే పిలుస్తాం.

నవ్వేవాళ్లకేం తెలుసు... అవ్వ పుట్టింది భీమ్‌గల్ దగ్గర గుట్టల కింది పల్లెలో. బతుకమ్మ పండుగ వచ్చిందంటే అక్కడ ఊరంతా సీతాఫలాల వాసనే. మా పక్కనేమో నల్లరేగడి, కాలువ నీళ్లు, ఎటు చూసినా చెరుకు. పండుగకు ఊళ్లో కోడళ్లంతా తల్లిగారిళ్లకు పోతే, మా అవ్వ ఒక్కతే ఇంట్లో ఉండిపోయేది.

కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అవ్వ వాళ్ల ఊళ్లో ఒక పెళ్లికి పోతే, అవ్వ అన్న, అంటే మా మామ, మా బాపును ఇంటి అల్లుడని చూడకుండా భోజనాలకు రెండో బంతిలో కూర్చోబెట్టాడట. అంతే! "వాడొచ్చి నా గడపల నిలవడి పిలిస్తెనే పంపుత" అని బాపు పంతం. మామ తక్కువ తిన్నాడా... ఆయనా రాలేదు. మధ్యలో నలిగింది అవ్వ.

ఆ పెళ్లి నుంచి వచ్చేటప్పుడు తిన్న పండు గింజలు ఏడు కొంగున ముడేసుకొచ్చింది. నాటితే ఒక్కటే మొలిచింది. అదీ నెల దాటాక, మేం ఆశ వదులుకున్నాక! పొలం గట్టు మీద గంపలతో రాళ్ల మొరం మట్టి మోసి ఎత్తుగా గద్దె కట్టి, అందులో పెట్టింది. మొదటి రెండు ఎండాకాలాలు చెంబెడు నీళ్లు పోసింది. తర్వాత అదీ మానేసింది. "గిది గుట్ట బిడ్డ. దీనికి రాళ్లు గావాలె, ఎండ గావాలె. వేర్లల్ల నీళ్లు నిలిస్తె సస్తది" అనేది.

నాలుగో ఏడు కాసింది... తొమ్మిది కాయలు.

నాకప్పుడు పదేళ్లు. బడి నుంచి వచ్చి సంచి విసిరేసి గట్టు మీదికి ఉరకడమే. అవ్వ కాయను కొమ్మ మీదే ఉంచి, వేలితో చూపిస్తూ నేర్పింది. "సూడు, ఇప్పుడు కండ్లు గట్టిగ మూసుకున్నయి. కన్నుకు కన్నుకు నడుమ సందు ఇచ్చుకొని, ఆ సందు తెల్లగ, పస్పుగ కనవడ్డప్పుడే తెంపాలె. ముందుగాల తెంపితె మాగదు, నల్లగై రాయైతది." కన్ను విచ్చిన కాయను వడ్ల గుమ్మిలో దాస్తే మూడో రోజుకు పండు.

"తొలి పండు నాకేనా అవ్వా?"

"నీకు తర్వాత. మొదటియి మీ మామకు పంపుత. నోట్లె వెట్టుకోంగనె మా ఇంటి గింజేనని ఎరుకైతది ఆయనకు. చెల్లె యాదికొచ్చి, వచ్చి పిలుస్తడు."

ఆ మాట అంటుంటే అవ్వ ముఖం ఎంత వెలిగిందో... నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. అవ్వ నాలుగు రోజులు దూరంగా ఉన్న పసుపు చేనులో కలుపుకు పోయింది. బాపు చెరుకుకు కాలువ నీళ్లు కడుతూ గట్టు మీది చెట్టును చూశాడు. "నీళ్లు లేకనే కాయ గింతింత ఉన్నది. పార తీస్కొని జర గటు మలుపు బిడ్డా" అన్నాడు.

చెరుకు రైతు కదా... ఏది వాడినా ఆయనకు తెలిసిన మందు నీళ్లే. నేనూ ఆ ఇంటి పిల్లనే. అవ్వ మాట గుర్తు లేక కాదు. కాయలు పెద్దవై తొందరగా కళ్లు తెరుస్తాయని ఆశ. మొరం పక్కకు లాగి, చుట్టూ లోతుగా పాదు తవ్వి నీళ్లు మలిపాను. అవ్వకు చెప్పనేలేదు, చూసి తనే మురిసిపోతుందని. నల్లరేగడిలో నీళ్లు ఇంకుతాయా? నాలుగు రోజులూ అట్లాగే నిలిచి ఉన్నాయి.

ఆకు పసుపెక్కింది. కాయలు కొమ్మ మీదే నల్లబడ్డాయి. తొమ్మిదింటిలో ఒక్కటంటే ఒక్కటి కన్ను తెరవలేదు.

అవ్వ నన్ను తిట్టలేదు. చెట్టు కింద కూలబడి ఏడ్చింది. బాపు తెలియకే చెప్పాడు, ఒప్పుకుంటాను. మరి తెలిశాక ఏం చేశాడు? నవ్వాడు! "ఓసినీ... మేకలు గూడ ముట్టని చెట్టుకు గింత ఏడుపా?" అన్నాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ చెట్టు ఇక బతకలేదు. ఇంకో గింజ తెప్పించి నాటుదామంటే అవ్వ వద్దంది. మామ వచ్చి పిలవలేదు, బాపు పంపలేదు. అవ్వ మళ్లీ ఆ ఊరు చూసింది మామ చనిపోయిన రోజే.

ఈ ఏడు బతుకమ్మకు నన్ను తీసుకుపోవడానికి బాపే నిజామాబాద్‌లో మా అత్తగారింటికి వచ్చాడు. "ఆడివిల్ల పండుగకు తల్లిగారింటికి రాకుంటె ఎట్ల బిడ్డా?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ముసలాయన కదా అని సంచి సర్దుకుని వెంట బయల్దేరాను. బస్టాండు దగ్గర పిడికిట్లో పట్టనంత పెద్ద సీతాఫలాలు కొన్నాడు, మీ అవ్వకు ఇష్టమని. ఇష్టమని తెలుసన్నమాట... ఇన్నాళ్లూ!

ఇంటికి పోయాక అవ్వ ఒక పండు చేతిలోకి తీసుకుంది. కన్నుకు కన్నుకు మధ్య బొటనవేలితో తడిమింది. విప్పి నా చేతిలో పెట్టింది. నువ్వూ తిను అవ్వా అంటే, "నాకు షుగరున్నది బిడ్డా" అంది.

పోయిన నెలలో అవ్వకు రక్తపరీక్ష చేయించింది నేనే. అవ్వకు షుగర్ లేదు.

ఇప్పుడు ఏ బండి మీద చూసినా సీతాఫలాలే... కన్ను విచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. మీ ఇంట్లోనూ ఇష్టమైన పండును ఇట్లా పక్కకు జరిపే అవ్వ ఉందా? ఎందుకు తినదో అడిగారా? అడిగి ఉంటే కింద రాయండి, చదువుతాను. నేనైతే ఇంతవరకు అడగలేదు... ఆ చెట్టుకు నీళ్లు కట్టింది నేనే కదా.