నేను వేలాడగట్టిన వంతెన

పంతొమ్మిది వందల అరవైల్లో హిందూపురం నుంచి ధర్మవరం పెళ్లిచూపులకు పోయినప్పుడు, పరదేశంలో ఓడరేవు మీద తీగలతో వంతెనను వేలాడగట్టింది నేనేనని చెప్పాను. రెండు గోపురాలు లేపి, కింద ఓడలు తిరుగుతుండగానే తీగలు లాగామని కోతలు కోశాను.

పిల్ల అవ్వ నా చేతికి తాడిచ్చింది.

"ఏమప్పా, అంత పనోడివి గదా, మా మనవడికి ఈ తాడుతో ఉయ్యాల కట్టు. ముందు గుమ్మడికాయ పెట్టి చూస్తాం."

కట్టాను. పెట్టగానే ముడి జారి, కాయ నా కాలి మీద పడింది. పరదేశం మాట అటుంచి, దారిలోని పెనుకొండ దాటడమే నాకు ఆరోజు మొదటిసారనీ, ఆ వంతెనను మా ఊరి మంగలి అంగట్లో క్యాలెండరు మీద చూశాననీ, కాలు పట్టుకుని కుంటుతూనే ఒప్పేసుకున్నాను.

"పిల్లనిస్తాం లేప్పా," అంది అవ్వ నవ్వాపుకోలేక. "రేపు మీ బిడ్డలకు ఉయ్యాల మాత్రం మేమే వచ్చి కడతాం."