బి అంటే ఎంత

హార్ట్‌విగ్ జోల్కె నోట సూటిగా ఒక అంకె విన్నవాళ్లు ఐబెన్‌రోడె ఊళ్లో లేరు. టైమెంతయిందని అడిగితే "ఎ ప్లస్ మూడు" అంటాడు. ఎ అంటే ఎంతయ్యా బాబూ అంటే, చర్చి గడియారం కింద ఎన్ని కిటికీలున్నాయో లెక్కపెట్టి రమ్మంటాడు. అంతదూరం పోయినవాడికి ఎలాగూ గడియారమే కనబడుతుంది. వాడు తిట్టుకుంటూ ఇంటికి పోతాడు. "చూశావా, టైము తెలిసింది కదా" అంటాడు హార్ట్‌విగ్.

ఇదంతా డబ్బాల వేట తెచ్చిపెట్టిన జబ్బు. హార్ట్స్ కొండల్లో ఆ వేటకి కొదవ లేదు. ఎవరో ఒకరు అడవిలో ఓ చిన్న డబ్బా దాచి, అక్షాంశ రేఖాంశాలు చెబుతారు, మిగతావాళ్లు ఫోను పట్టుకుని వెతుక్కుంటారు. హార్ట్‌విగ్‌కి అంత సులువైనది గిట్టదు. అతను దాచిన డబ్బాకి అంకెలుండవు, అక్షరాలుంటాయి. ఎ విలువ ఓ వంతెన దగ్గర, బి విలువ ఓ బావి దగ్గర కనుక్కుని, ఫోనులో ఆ ఆటకుండే లెక్కల పేజీలో నింపాలి. కింద అతను రాసిన సూత్రం ఆ అక్షరాలన్నిటినీ కూడి, తీసి, హెచ్చవేసి, చివరికి మ్యాపు మీద ఓ చుక్క పెడుతుంది. అక్కడుంటుంది డబ్బా.

ఆ వేటలో అతనికి జోడీ పక్కింటి గెర్నోట్. ఇద్దరు పెద్దమనుషులు ప్రతి శనివారం మోకాళ్ల మీద పాకుతూ తూముల్లో దూరి, బురద కొట్టుకుని వచ్చేవారు. గెర్నోట్ భార్య రోజ్‌విత వాళ్లకి రొట్టెలు, సాసేజీలు కట్టిచ్చేది, సాయంత్రం ఇద్దరి బూట్లూ గడప బయటే విప్పించేది.

తర్వాత గెర్నోట్‌కి ఊపిరితిత్తుల్లో కణితి బయటపడింది. ఆస్పత్రిలో నర్సు వచ్చి, నొప్పి పదిలో ఎంతుందో అంకె చెప్పమంది. గెర్నోట్‌కి మాట్లాడే ఓపిక లేదు. "హార్ట్‌విగ్, నువ్వు చెప్పు" అన్నట్టు చూశాడు.

"ఎన్ మైనస్ ఒకటి" అన్నాడు హార్ట్‌విగ్.

"ఎన్ అంటే?" అంది నర్సు.

"మీ ఆస్పత్రి కాఫీ తాగితే పుట్టే బాధ."

గెర్నోట్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. బయట వరండాలో నిలబడ్డ రోజ్‌వితకి ఆ నవ్వు వినబడింది. ఆమె విన్న ఆఖరి నవ్వు అదే. దాన్ని హార్ట్‌విగ్ కొట్టేశాడని ఆమెకి చాలాకాలం కోపంగా ఉండేది.

అంత్యక్రియల తర్వాత కాఫీకి ఎంతమంది వస్తారని పాదిరి అడిగినప్పుడూ అదే వరస. "ఎఫ్ ప్లస్ మూడు కె. ఎఫ్ అంటే ఏడవడానికొచ్చేవాళ్లు, కె అంటే కేకు కోసం వచ్చేవాళ్లు" అన్నాడు. పాదిరి దగ్గుతున్నట్టు నటించాడు. కేకు మాత్రం ఒక్క ముక్క మిగల్లేదు, ఒక్కరికీ తక్కువ కాలేదు.

ఆ చలికాలం ఊరికే బాగోలేదు. పురుగు పట్టిన అడవి కొండల మీద బూడిదరంగు మోళ్లుగా నిలబడింది. రోజ్‌విత పరదాలు వేసేసుకుంది. గురువారాల పాటల బృందానికి పోవడం మానేసింది. పొయ్యి కూడా రాజెయ్యలేదు. పెరట్లోని కట్టెలన్నీ గెర్నోట్ తన చేత్తో చీల్చి పేర్చినవి. కాలిస్తే అవీ అయిపోతాయి. అందుకని రెండు స్వెట్టర్ల మీద కోటు తొడుక్కుని, వంటింట్లో చల్లటి రొట్టె తింటూ కూర్చునేది.

జనవరిలో ఆమెకి గెర్నోట్ చాకు గుర్తొచ్చింది. పుట్టగొడుగులు కోసే చాకు, పిడి చివర మట్టి దులిపే చిన్న కుంచె ఉంటుంది. ఆఖరి వేటలో హార్ట్‌విగ్ సంచిలో ఉండిపోయింది. కంచె దగ్గరికెళ్లి అడిగింది.

"ఇస్తాను, నీదే కదా" అన్నాడు హార్ట్‌విగ్. "కాకపోతే డబ్బాలో పెట్టేశాను."

"ఏ డబ్బా?"

అతను జేబులోంచి కాగితం తీశాడు. దాని మీద సూత్రం ఒకటిన్నర వరస పొడుగుంది, కుండలీకరణాల లోపల కుండలీకరణాలు.

"చచ్చిపోయిన మనిషి చాకుతో ఆటలాడుతున్నావా? సిగ్గు లేదూ నీకు?"

"గెర్నోట్ ఫోనులో నింపుకో. లెక్క తప్పదు."

రోజ్‌విత కాగితం లాక్కుని, ఇంట్లోకెళ్లి తలుపు ధడాలున వేసుకుంది. కానీ గెర్నోట్ గుండెకి దగ్గరగా జేబులో పెట్టుకు తిరిగిన వస్తువు అదొక్కటే. రెండు వారాలు పళ్లు నూరి, చివరికి ఆయన ఫోను ఛార్జింగు పెట్టి, సూత్రం అందులో ఎక్కించింది. ఎ, బి, సి. మూడింటి పక్కనా ప్రశ్నార్థకాలు.

కాగితం ప్రకారం ఎ అంటే బేకరీ కిటికీ దగ్గర కుర్చీలు. రోజ్‌విత వీధిలోనే నిలబడి అద్దంలోంచి తొంగి చూసింది. బేకరీ అన్నెగ్రేట్ తలుపు తీసింది.

"ఏమ్మా, బతికే ఉన్నావా? ఒక కుర్చీ స్తంభం వెనక ఉంటుంది, బయట నుంచి కనబడదు. లోపలికి రా."

లోపలికి వెళ్లాక కూర్చోక తప్పలేదు, కూర్చున్నాక ప్లమ్ పళ్ల కేకు తినక తప్పలేదు.

సి అంటే వ్యూబె టీచరమ్మ పిల్లులు. అవి ఒకచోట నిలిచే రకం కాదు. లెక్క తేలేసరికి రెండు కప్పుల టీ అయింది, రోజ్‌విత మేజోళ్లు చిరిగాయి, టీచరమ్మ కోడలి తప్పులన్నీ వినడం కూడా పూర్తయింది.

బి దగ్గర చిక్కొచ్చింది. గురువారం పాటల బృందంలో మంద్రంగా పాడే ఆడవాళ్లు ఎందరు? రోజ్‌విత కోటు విప్పకుండా వెనక బెంచీలో కూర్చుని లెక్కపెట్టింది. ఏడుగురు. లేచి వచ్చేయబోతుంటే పాట నేర్పే ష్రాడర్ గారు చూశాడు.

"రోజ్‌వితా, మీ చోటు ఖాళీగానే ఉంచాం. మీరు లేక ఈ వరస గాల్లో వేలాడుతోంది. రండి."

అందరి ముందూ కాదనడం ఇష్టంలేక వెళ్లి నిలబడింది. ఒక చరణం నోరు మూసుకునే ఉంది. రెండో చరణంలో నోరు దానంతటదే తెరుచుకుంది.

ఇంటికొచ్చి హార్ట్‌విగ్‌కి ఫోను చేసింది. "నేను వెళ్లేసరికి ఏడుగురు. నన్ను కలుపుకోవాలా, వద్దా?"

"అది నువ్వే తేల్చుకోవాలి."

"ఏడా, ఎనిమిదా? ఒక్క ముక్క చెప్పు."

"బి" అన్నాడు.

రోజ్‌విత ఫోను పెట్టేసింది. పొద్దున్న లేచి ఏడు వేసింది. మ్యాపు మీద చుక్క పడింది. అనుమానమొచ్చి ఎనిమిది వేసింది. చుక్క కదల్లేదు. ఫోను పాడైందనుకుని ఏడువందలు వేసింది. అయినా కదల్లేదు.

అప్పుడు కళ్లజోడు పెట్టుకుని, సూత్రాన్ని ముక్క ముక్కగా చదివింది. బి ఇంటూ సి అని ఒకచోట కూడాడు, నాలుగు కుండలీకరణాల అవతల సి ఇంటూ బి అని తీసేశాడు. ఎ మొదట్లో కలిసింది, చివర్లో పోయింది. కుర్చీలు సున్నా, పిల్లులు సున్నా, పాటగత్తెలు సున్నా. అక్షరాలన్నీ రాలిపోగా మిగిలినవి వట్టి అంకెలు. హార్ట్‌విగ్ జోల్కె జన్మలో మొదటిసారి చెప్పిన సూటి అంకెలు అవి, అవి కూడా సిగ్గుపడి దాక్కుని చెప్పినవి. చుక్క పడింది ఆమె పెరట్లో, కట్టెల దొంతర మీద.

రోజ్‌విత బయటికెళ్లి కట్టెలు తీయడం మొదలుపెట్టింది. వాన పడుతోంది కాబట్టి నేల మీద పడెయ్యలేక, చేతుల నిండా పట్టుకుని వంటింట్లోకి చేరవేసింది. అడుగు వరస వెనక రేకుడబ్బా, అందులో చాకు. కుంచెకి పోయినేటి అడవి మట్టి ఇంకా అంటుకునే ఉంది. ఆమె అక్కడే తడుస్తూ కాసేపు ఏడ్చింది. లోపలికెళ్లి చూస్తే పొయ్యి పక్కన నడుమెత్తు కట్టెలు. నడవడానికి దారి లేదు. ఇక చేసేదేముంది, రాజేసింది.

పొగగొట్టంలోంచి పొగ రావడం చూసి హార్ట్‌విగ్ కంచె దగ్గరికొచ్చాడు.

"దొంగవి నువ్వు" అంది రోజ్‌విత. "ఏం వేసినా ఒకటే వస్తుంది. నా మేజోళ్లు ఊరికే చిరిగాయి."

"పిల్లులెన్ని తేలాయి?"

"నీకెందుకు, అవి సున్నాయేగా."

"సరే. బి ఎంత వచ్చింది?"

రోజ్‌విత చేతులు తుడుచుకుంది. "ఎనిమిది."

హార్ట్‌విగ్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, పొగగొట్టం వైపు చాలాసేపు చూశాడు.

"ఎండు పుట్టగొడుగులు నానేశాను, సూప్ పెడతాను" అంది ఆమె. "ఎన్నింటికొస్తావు?"

"బి మైనస్ రెండు" అన్నాడు.

బి అంటే ఎంత అని రోజ్‌విత అడగలేదు. సాయంత్రం ఆరింటికల్లా బల్ల మీద రెండు కంచాలు పెట్టి, అతని బూట్ల కోసం గడప బయట పాత గోనె పరిచింది.