కోడిగుడ్డులో గుండె

ఈ రోజు మా సంగారెడ్డి కాలేజీ ల్యాబ్‌లో రెండో సంవత్సరం వాళ్లకు కోడిపిండం చూపించాను. పొదిగే పెట్టెలోంచి గుడ్డు తీసి, పెంకుకు చిన్న కిటికీ కోశాను. పచ్చసొన మీద ఎర్రటి చుక్క ఒకటి టకటకా కొట్టుకుంటోంది. ఇంకా కాళ్లూ రెక్కలూ లేవు గానీ గుండె పనిలో పడింది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి భూతద్దంలో చూసి వెళ్లారు. జోగిపేట నుంచి బస్సులో వచ్చే పెళ్లయిన అమ్మాయి మాత్రం కదల్లేదు. వెనకవాళ్లు విసుక్కుంటే పక్కకు జరిగి మెల్లగా అడిగింది.

"గుండె ఇంత ముందుగాల్నే వస్తదా మేడం?"

"అన్నిటికంటే ముందు పని మొదలుపెట్టేది అదేనమ్మా. మనుషుల్లోనూ అంతే."

"పోయినసారి స్కాన్‌ల నా కడుపుల బిడ్డ గుండె కొట్టుకుంటలేదన్నరు మేడం. రేపు మళ్ల పోవాలె. ఈసారి కనవడతది గదా?"

కోడిపిల్ల సంగతైతే ఏ గంటకు ఏది వస్తుందో చెప్పగలను. దీనికి మాత్రం "కనబడాలమ్మా" అన్నాను, అంతే.

ఆమె తలూపి, ఇంకోసారి చూడడానికి వరుస చివర నిలబడింది. బెల్లు కొట్టినా, చూసినంతసేపు చూడనిచ్చాను.

ఈ పాఠం ఏళ్లుగా చెబుతున్నాను. పరీక్ష కోసం కాకుండా ప్రశ్న అడిగిన మొదటి విద్యార్థి ఈమే. మీరైతే ఏం చెప్పేవారు?