మావయ్య బండి రీసేల్

మా మావయ్య ఏ వస్తువును చూసినా అడిగే ప్రశ్న ఒక్కటే: "మళ్ళీ అమ్మితే ఎంతొస్తుంది?" కొత్త చెప్పులు వేసుకున్నవాణ్ణి అడుగుతాడు. పళ్ళసెట్టు కట్టించుకున్న పెద్దాయన్నీ అడిగాడు. అత్తయ్యనొక్కదాన్నే ఆ లెక్కలోంచి మినహాయించాడు. భయం.

ఊరంతా ఆయన్ని రీసేల్ మావయ్య అంటుంది. ఈ జబ్బుకు మూలం ఆయన మోటారు సైకిలు. కంపెనీవాళ్ళు కొన్ని వందల బళ్ళకు మాత్రం ప్రత్యేకమైన రంగు వేసి, ట్యాంకు మీద ఒక్కోదానికి ఒక్కో నంబరు కొట్టి వదిలారట. లిమిటెడ్ ఎడిషన్! నేను మెకానిక్కుని. పుస్తకాలు చదివి కాదు, బోల్టులు విప్పి నేర్చుకున్నాను. ఆ రంగూ నంబరూ పక్కన పెడితే లోపలున్నది మామూలు బండే. ఆ మాటన్నందుకు నన్ను మేనల్లుడి హోదా నుంచి తీసేస్తానన్నాడు.

కొన్నాడే కాని ఎక్కింది లేదు. ఎక్కితే మీటరు తిరుగుతుంది, మీటరు తిరిగితే రేటు పడుతుంది. అందుకని నా షెడ్డుకు నడిచే వస్తాడు. వచ్చినవాడు కూర్చోడు. స్టూలు మీద అలా ఆనుతాడు, లేస్తాడు, గుమ్మందాకా వెళ్తాడు, వెనక్కొస్తాడు.

"మార్కెట్ ఎలా ఉందిరా?"

"పొద్దున అడిగావు కదా మావయ్యా!"

"అది పొద్దున. ఇప్పుడో?"

బండి కాపురం ఇంటి ముందుగదిలో, దుప్పటి కప్పుకుని. ఆ గదికి పెద్ద కిటికీ, బోలెడు వెలుతురు. అత్తయ్య కుట్టుమిషను మాత్రం వంటింటి మూల చీకట్లో. ఆ చీకట్లోనే ఓసారి పక్కింటాయన చొక్కాకు జేబు వీపు మీద కుట్టింది.

"అమ్మెయ్యండి దాన్ని. ఆ కిటికీ దగ్గర మిషను వేసుకుంటాను."

"ఆగవే, రేటు పెరుగుతోంది."

"నా చూపు తగ్గుతోంది!"

ఇంతలో కంపెనీ ఆ మోడలే ఆపేసింది. విడి సామాన్లు దొరకడం మానేశాయి. అదే మోడల్ మామూలు బండి మీద ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసే నర్సమ్మకు కార్బురేటర్ పోయింది. నేను చేతులెత్తేశాను. మర్నాడు మావయ్య ఒక కార్బురేటర్‌ను పాత కాగితంలో చుట్టి తెచ్చాడు.

"ఎక్కడిది మావయ్యా?"

"దొరికింది. ముందు బిగించు. ఆవిడ నడిరోడ్డు మీద ఆగిపోతే, 'ఈ మోడల్ ఇంతేరా' అంటారు జనం. అప్పుడు నా బండి రీసేల్ ఏం కాను?"

తర్వాత పాలాయనకు క్లచ్ ప్లేట్లు. ఆ తర్వాత కూరగాయలమ్మే ఆయనకు ఇగ్నిషన్ కాయిలు. కాళ్ళకు చక్రాలు కట్టుకున్న మనిషి కదా, ఏ పాత సామాన్ల కొట్లు గాలిస్తున్నాడో అనుకున్నాను.

చివరికి అత్తయ్యే, పాత బళ్ళు సేకరించే ఒకాయన్ని ఇంటికి రప్పించింది. బండి చూసి చెప్పమని నన్నూ పిలిచింది. మావయ్య పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లే. దుప్పటి ఉతకాలన్నాడు. తలుపు బిగుసుకుపోయిందన్నాడు. తలుపు తెరిచే ఉంది.

వచ్చినాయన దుప్పటి లాగాడు. ట్యాంకులో మా అందరి మొహాలూ కనిపించాయి. "అబ్బ! ఏదీ, ఒక్కసారి స్టార్ట్ చేయండి" అన్నాడు.

"స్టార్ట్ చేస్తే రేటు పడుతుందండీ" అన్నాడు మావయ్య.

ఆయన వంగి చూశాడు. నేనూ వంగాను. కార్బురేటర్ ఉండాల్సిన చోట గోడ కనిపించింది. పక్క మూత విప్పాను. లోపల క్లచ్ ప్లేట్లు లేవు. కాయిలూ లేదు. అవన్నీ నా చేత్తోనే ఊళ్ళో బళ్ళకు బిగించాను!

"ఏమండీ, ఇది బండా, బొమ్మా?"

"రంగు మాత్రం ఒరిజినలండీ."

ఆయన నమస్కారం పెట్టి మరీ వెళ్ళిపోయాడు. మావయ్య గదిలో అటూ ఇటూ నాలుగు చక్కర్లు కొట్టి, అత్తయ్య ముందు ఆగాడు.

"మార్కెట్ కాపాడుతున్నానే. వాళ్ళ బళ్ళు తిరుగుతుంటేనే కదా మన మోడల్‌కు విలువ?"

"మన బండి కదలకపోయినా సరేనా?"

"మనది ఎలాగూ కదలదుగా!"

అత్తయ్య కోపంగానే చూసింది, కాని పెదవి చివర నవ్వు ఆగలేదు. వంగి బండి కిందకు చూసింది. "చైను ఉందా ఇంకా?" అంది నాతో.

"ఉంది అత్తయ్యా."

"రొట్టెల కొట్టాయన బండి చైను తెగిందట. ఇదీ విప్పుకెళ్ళు నాయనా."

మావయ్య మొహం కిటికీ తెరిచినట్టయింది. "ఒసేయ్, ఇది ఆలోచించావా? లిమిటెడ్ ఎడిషన్ బళ్ళు వందలున్నాయి. లోపల ఏమీ లేని లిమిటెడ్ ఎడిషన్ ప్రపంచంలో ఇదొక్కటే! దీని రేటు ఇంక..."

"పెరట్లో పెట్టినా పెరుగుతుంది లెండి" అంది అత్తయ్య, అప్పటికే హ్యాండిల్ పట్టుకుని. "మీరు వెనకనుంచి తొయ్యండి."